పగటి అద్దం

రత్నమ్మ సంచి సర్దుతోంది. ఒక చీర పెడుతుంది, మళ్ళీ తీస్తుంది, ఒళ్ళో వేసుకుని అంచు తడుముతుంది, మళ్ళీ పెడుతుంది. రాత్రి బండికి తాడిపత్రి వెళ్ళిపోవాలి. వెళ్ళిపోతే ఈ ఫ్లాటుకి తాళం పడుతుంది. తాళం పడ్డాక కూతురొచ్చి తలుపు కొడితే?

"ఎవురుంటారమ్మా ఈడ, పాప వస్తే?" అని మళ్ళీ అడిగింది.

అడిగింది పుణ్యవతిని. యాభై ఆరేళ్ళ మనిషి. పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్ దాకా చేసి, మానేసి, మూసాపేటలో ఒక గది అద్దెకి తీసుకుని ప్రైవేటుగా విచారణలు చేస్తోంది. ఎక్కువగా పెళ్ళి సంబంధాలవే. పెళ్ళికొడుకు తాగుతాడా, ఉద్యోగం నిజమేనా, ఇలాంటివి. మనిషి మాయమైన కేసు చేతికి రావడం ఇది రెండోసారి. మొదటిది ఆవిడ సొంత భర్తది. అందులో ఆవిడ గెలవలేదు.

ఇంతవరకూ తెలిసింది కొంచెమే. రత్నమ్మ కూతురు దివ్యకి ఇరవై నాలుగేళ్ళు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి టవర్ పక్కన ఒక కంపెనీలో ఉద్యోగం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు చెబుతాయట. ఆ తప్పులు ముందే దిద్దే పని. జనవరి నుంచి ఈ రెండో అంతస్తు ఫ్లాటులో ఒక్కతే ఉంటోంది. ప్రతి ఆదివారం ఎస్టీడీ బూత్ నుంచి తల్లికి ఫోను చేస్తుంది. మొన్న ఆదివారం చేయలేదు. సోమవారం పొద్దున్నే రత్నమ్మ వచ్చి చూస్తే తలుపుకి తాళం. ఇంటి ఓనరు దగ్గరున్న మారు తాళంచెవితో తీశారు. దివ్య లేదు, ఆమె నీలం సంచీ లేదు, బీరువాలో మంచి బట్టలు లేవు.

పోలీసులొచ్చారు. ఎదురు బిల్డింగులో రెండో అంతస్తు ఈశ్వరయ్యగారు తానే పిలిచి చెప్పాడు. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఆ అమ్మాయి హాల్లో నిలబడి సంచి సర్దుకోవడం నా కళ్ళతో చూశాను, అన్నాడు. అంతే, వెతకడం ఆగిపోయింది. ఇష్టపడి వెళ్ళిపోయిన మేజరు పిల్లని పోలీసులు ఎందుకు వెతుకుతారు?

"బతికుందా లేదా అని కూడా నేను అడగడంల్యా" అంది రత్నమ్మ, చీర మీద చెయ్యి ఉంచి. "నన్ను వద్దనుకోని పోయిందా? అదొక్కటి చెప్పమ్మా నాకు. ఒక మాట చెప్పకుండా పోయేంత దూరంగా ఉండిందా నా బిడ్డ?"

పుణ్యవతి హాలు కిటికీ దగ్గరకి వెళ్ళింది. పెద్ద అల్యూమినియం కిటికీ, పడమటి వైపు. చువ్వలు బయట ఉన్నాయి. లోపల దారం కట్టుకోడానికి కూడా ఆధారం లేదు. కర్టెన్ రాడ్డు లేదు, రాడ్డు ఉన్న గుర్తూ లేదు.

"మేకు కొట్టనివ్వరా ఇక్కడ?"

గుమ్మంలో నిలబడ్డ ఇంటి ఓనరు బుల్లిబాబు ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు ముందుకొచ్చాడు. అమలాపురం మనిషి. పొలం అమ్మి ఈ మూడంతస్తులూ కట్టాడు, కింద తనుంటాడు.

"ఆయ్, మేకు పడకూడదండి. ముందే చెప్పేస్తానండి ఎవరికైనా. ఒక మేకు కొడితే ప్లాస్టరింగు ఇంతమేర ఊడిపోద్దండి. కావలిస్తే దేవుడి పటం కూడా బల్ల మీద పెట్టుకోమంటానండి."

"ఆడపిల్ల, ఎదురుగా ఇల్లు. మరి కిటికీకి ఏం పెట్టుకోమన్నారు?"

"అది వాళ్ళిష్టవండి. మేకు మటుకు వద్దండి."

దివ్య తంటాలన్నీ ఇంట్లో కనబడుతూనే ఉన్నాయి. వంటింటి కిటికీకి మైదా జిగురుతో అతికించిన పాత పేపర్లు. ఆవిరికి అంచులు లేచిపోయాయి. స్నానాల గది అద్దాలకి తెల్ల పెయింటు, చేత్తో పూసిన గీతలు తెలుస్తున్నాయి. హాలు కిటికీకి మాత్రం కార్ల అద్దాలకి వేసే సన్ ఫిల్ము. నీటుగా, ఒక్క బుడగ లేకుండా అతికించారు. రెండు రెక్కల మధ్య సందుకి కూడా టేపు వేశారు, దోమలు రాకుండా. టేపు ఎక్కడా ఊడలేదు. ఈ కిటికీ ఫిల్ము వేసినప్పటి నుంచి తెరవలేదన్నమాట.

లోపల్నుంచి చూస్తే ఎదురు బిల్డింగు బాల్కనీ చక్కగా కనబడుతోంది. బాల్కనీలో ఒక కుర్చీ, తీగ మీద ఒక బనీను.

"ఈ ఫిల్ము ఎవరు వేశారు?"

"ప్రవీణ్" అంది రత్నమ్మ. "పాపతో పనిచేస్తాడు. మా పక్క ధర్మవరం పిల్లోడే. కార్ల షాపులో తెచ్చి వాడే అతికించినాడంట. 'మా, ఇంగ బయటోళ్ళకి ఏం కనపడదు, నేను మాత్రం అందర్నీ చూడొచ్చు' అని ఫోన్లో ఒకటే నగు. రాత్రయితే అద్దం మాదిరి ఉంటాదంట. దాని ముందర నిలబడి ఇంగ్లీసు మాట్లాడుకునేది. కంపెనీలో పదిమందిలో మాట్లాడాలంటే భయం నా బిడ్డకి."

"ప్రవీణ్ ఇప్పుడెక్కడ?"

"ఏడింటికి వస్తానన్నాడు. నన్ను స్కూటరు మీద స్టేషన్‌లో దింపుతాడు. మంచి పిల్లోడమ్మా. సోమవారం నుంచి నాకు అన్నం తెచ్చిపెడతాండేది వాడే. గురువారం సాయంత్రం పాపని గేటు కాడ దింపినాడంట. రేపు సెలవు పెట్నానని చెప్పిందంట."

పుణ్యవతి స్నానాల గదిలోకి వెళ్ళింది. బకెట్టు, సబ్బు, తీగ మీద ఒక పాత తువ్వాలు. ఎండి గట్టిపడి పోయింది. ఎవరూ ముట్టుకోలేదు. ఆమె తువ్వాలు అంచు ఎత్తి చూసింది.

"రత్నమ్మగారూ, ఇలా రండి. ఒక్కరే రండి."

రత్నమ్మ వచ్చి చూసి, చప్పున తలుపు దగ్గరకి వేసింది. తువ్వాలు కింద కూతురి లోబట్టలు, ఎవరి కంటా పడకుండా వరసగా ఆరేసి ఉన్నాయి.

"ఇట్లనే ఆరెయ్యమని నేనే నేర్పిచ్చినా" అంది, సిగ్గుతో.

"దివ్య దగ్గర ఇంకా ఉన్నాయా ఇలాంటివి?"

"యాడివి? జూన్‌లో వచ్చినప్పుడు కోఠీలో ఇద్దరం పోయి కొన్నాము. ఒంటి మీది జత పోతే ఇవే అన్నీ." అని ఆగింది. తువ్వాలు కిందికి మళ్ళీ చూసింది. "ఊరికి పోయే ఆడపిల్ల మొదట సర్దుకునేవి ఇవే గదమ్మా."

"అవును. పట్టుచీర మర్చిపోతుంది గానీ ఇవి మర్చిపోదు. సంచి సర్దింది దివ్య కాదు. తువ్వాలు కింద చూడాలని తెలియనివాడెవడో సర్దాడు."

రత్నమ్మ గోడకి ఆనుకుంది. ఏడుపో ఊరటో తెలియని చప్పుడొకటి గొంతులోంచి వచ్చింది.

"అయితే నన్ను..."

"ఇంకా పూర్తి కాలేదు. ఈ మాట మీలోనే ఉంచుకోండి. ఓనరుకి చెప్పొద్దు, ఎవరికీ చెప్పొద్దు. తువ్వాలు ఎలా ఉందో అలాగే ఉండాలి."

రత్నమ్మ తల ఊపింది. ఎవరికీ అంటే పరాయివాళ్ళకి అని ఆమె అర్థం చేసుకుంది. ఆ సంగతి పుణ్యవతి అప్పుడు ఆలోచించలేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ఇన్‌స్పెక్టర్ మల్లయ్య లోపలికొచ్చాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్‌లో పనిచేశారు. అతను అప్పుడు కొత్త ఎస్సై. ఫిర్యాదు ఎలా రాసుకోవాలో నేర్పింది ఈవిడే. నేర్పినవాళ్ళని చూస్తే కొందరికి మంట.

"ఏందమ్మా హెడ్డమ్మా, ఇంక ఈడనే ఉన్నవా? ఈ వారం పెళ్ళిసంబంధాలేం దొర్కలేదా?"

"దొరికాయండి సార్. పెళ్ళికొడుకు పోలీసాయన. వద్దని చెప్పాను."

బుల్లిబాబు నవ్వబోయి దగ్గాడు. మల్లయ్య అతని వైపు చూసి మళ్ళీ పుణ్యవతి వైపు తిరిగాడు.

"గీ తల్లిని ఎందుకు ఉత్తగ పరేషాన్ జేస్తున్నవ్? పిల్ల పోయింది. ఇష్టమున్నోనితోని పోయింది. నెల దినాలైతే ఫోన్ జేస్తది. గా ముసలాయన కండ్లార చూసిండు. గింతకంటె ఏం గావాలె?"

"మూడింటికి చూశాడన్నాడు. కిటికీకి సన్ ఫిల్ము ఉంది సార్. పగలు బయటినుంచి లోపల ఏమీ కనబడదు."

"తెర్చి ఉండొచ్చు."

"టేపు చూడండి. తెరవలేదు."

మల్లయ్య టేపు చూశాడు. వేలితో రుద్ది కూడా చూశాడు. తర్వాత టోపీ సరిచేసుకున్నాడు.

"ముసలాయనకి టైం గుర్తు లేకపోవచ్చు. గంత మాత్రాన కేస్ అయితదా? నువ్వు పోయి ఆయన్ని అడుగుతవా? అడుగు. నేను కింద బుల్లిబాబు ఇంట్ల చాయ్ తాగుతుంట. ఏడింటిదాక టైం. అప్పటికి ఏం జూపియ్యకపోతే గీడికి బంద్."

"చాలు సార్." పుణ్యవతి రత్నమ్మ దగ్గరకి వచ్చి మెల్లగా చెప్పింది. "నేను ఎదురు ఫ్లాటులో ఉంటాను. చీకటి పడగానే మీరు ఈ హాల్లో లైటు వెయ్యండి. అంతే. అక్కణ్ణుంచి నేనొకటి చూసుకోవాలి."

"సరేమ్మా. లైటేస్తా."

ఎదురు బిల్డింగు చూడ్డానికి దగ్గరే. మధ్యలో ఒక ప్రహరీ గోడ, అంతే. కానీ దారి మాత్రం సందు చివరికి వెళ్ళి తిరిగి రావాలి. పక్క ప్లాటులో శ్లాబు వేస్తున్నారు. కాంక్రీటు కలిపే మిషను చెవులు చిల్లులు పడేలా తిరుగుతోంది.

ఈశ్వరయ్యగారు తలుపు తీసి, ఆడమనిషిని చూసి కంగారుపడి లాల్చీ తొడుక్కొచ్చాడు. డెబ్భై దగ్గర పడ్డ మనిషి. తెనాలివైపు. ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యాడు. పళ్ళు లేవు. చిన్న ఇత్తడి రోట్లో తమలపాకు దంచుకుంటున్నాడు. బాల్కనీలో ఒకే కుర్చీ. ఎవరైనా కుర్చీని వీధికేసి వేసుకుంటారు. ఇది దివ్య కిటికీకేసి ఉంది. చేతులు ఆనే చోట చెక్క నునుపుతేలింది.

"శుక్రవారం మూడింటికి చూశారటండి."

"చూశానండి. బట్టలు ఆరేయడానికి వచ్చి, అనుకోకుండా."

"ఏ రంగు బట్టలు వేసుకుందండి?"

"అదీ... పసుపుపచ్చ అనుకుంటానండి."

"మూడింటికి ఇక్కడ ఎండ ఎలా ఉంటుంది? మీ బట్టలు ఆరతాయా?"

"లేదండి, ఎండంతా అటుపక్కే. సరిగ్గా ఆ అద్దం మీద పడుతుంది. కళ్ళు చెదిరిపోయి అటుకేసి చూడనే..." ఆగిపోయాడు.

"చూడనే లేం" అని పుణ్యవతి పూర్తి చేసింది. "ఇప్పుడు ఎండ తగ్గింది కదా, చూడండి. ఏం కనబడుతోంది అందులో?"

ఆయన చూశాడు. ఎదుటి కిటికీలో ఆకాశం ఉంది. ఈ బాల్కనీ ఉంది. తీగ మీద ఊగే తెల్లటి గుడ్డ ఉంది.

"నా బనీను" అన్నాడు.

"దివ్య ఎప్పుడు కనబడేదండి మీకు?"

రోకలి రోట్లో ఊరికే తిరిగింది. ఆకు ఎప్పుడో నలిగిపోయింది.

"నేను చెడ్డవాణ్ణి కాదండి."

"నేనలా అనలేదండి."

"మా ఆవిడ పోయి మూడేళ్ళయింది. నాతో మాట్లాడేవాళ్ళు లేరు. పాలవాడు కూడా ప్యాకెట్టు తలుపుకి తగిలించి పోతాడు." ఆయన కిటికీ వైపే చూస్తూ చెప్పాడు. "జనవరిలో ఆ అమ్మాయి వచ్చింది. దీపం పెట్టేవేళకి ఇంటికొచ్చి లైటు వేసేది. అంతా కనబడేదండి, సినిమాలోలా. నేరుగా ఈ కిటికీ దగ్గరకి వచ్చి నిలబడేది. నాకేసి చూసేది. చేతులు తిప్పుతూ ఏవో కబుర్లు చెప్పేది. ఇక్కడికి వినబడదు కదా, అయినా నేనూ జవాబు చెప్పేవాణ్ణి. 'భోజనమైందామ్మా?' అనేవాణ్ణి. 'ఇవాళ ఆలస్యమైందేం?' అనేవాణ్ణి. నవ్వేది. చాలా మంచి నవ్వండి."

పుణ్యవతికి రత్నమ్మ మాట గుర్తొచ్చింది. అద్దం ముందు నిలబడి ఇంగ్లీసు. చెప్పకుండా ఉందామనుకుంది. కానీ చెప్పకపోతే మిగతాది రాదు.

"ఈశ్వరయ్యగారూ, ఆ ఫిల్ము వెలుతురు ఎటుంటే అటువాళ్ళని చూపిస్తుందండి. పగలు బయట వెలుతురు. లోపలివాళ్ళు బయటికి చూస్తారు, బయటివాళ్ళకి అద్దం. దీపం పెట్టాక తిరగబడుతుంది. లోపల ఏం జరిగినా మీకు కనబడుతుంది. లోపలున్న మనిషికి మాత్రం తన మొహమే కనబడుతుంది. ఆ సంగతి ఆ పిల్లకి తెలీదు. తనని ఎవరూ చూడటం లేదనుకుంది."

ఆయన మళ్ళీ ఆ అద్దంకేసి చూశాడు.

"నన్ను కాదా?" అన్నాడు.

"కాదండి."

"ఒక్కరోజు కూడా?"

పుణ్యవతి బాల్కనీ గోడ మీది దుమ్ము వేలితో తుడిచింది. "శుక్రవారం ఏం జరిగిందో చెప్పండి. ఈసారి జరిగినట్టుగానే."

"గురువారం దీపం వెలగలేదు. శుక్రవారం ఏడున్నర ప్రాంతంలో వెలిగింది. హమ్మయ్య అనుకున్నాను. చూస్తే ఆ అమ్మాయి కాదు. మగమనిషి. కుర్రాడు. బీరువా తీసి బట్టలన్నీ నీలం సంచీలో కూరాడు. మూత పడకపోతే మోకాలు పెట్టి నొక్కాడు. తర్వాత కిటికీ దగ్గరకి వచ్చి..." ఆయన కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. "జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడండి. నా మొహంలోకి చూస్తూ."

"మరి పోలీసులకి అమ్మాయి అని ఎందుకు చెప్పారు?"

"ఎలా చెప్పమంటారండీ?" ఆయన లేచి నిలబడ్డాడు. "సోమవారం ఆ ఇన్‌స్పెక్టరు అడుగుతున్నప్పుడు వాళ్ళమ్మ అక్కడే ఉంది. ఓనరున్నాడు, పక్కింటివాళ్ళున్నారు. పెళ్ళికాని పిల్ల ఒంటరిగా ఉండే ఇంట్లో రాత్రిపూట మగాడున్నాడని పదిమందిలో నా నోటితో అనమంటారా? రేపు ఆ పిల్లకి సంబంధాలొస్తాయా? సంచి సర్దడం నిజమే కదా అనుకున్నాను. మగాణ్ణి తీసేసి పిల్లని పెట్టాను. రాత్రి తీసేసి పగలు పెట్టాను. రాత్రి అంటే నువ్వెందుకు చూస్తున్నావయ్యా అంటారని కూడా భయమేసింది. పిల్ల పేరూ దక్కుతుంది, నా పేరూ దక్కుతుంది అనుకున్నానండి."

"మీరు పేరు దక్కించారు. వాళ్ళు పిల్లని వెతకడం మానేశారు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ఆ కుర్రాణ్ణి చూస్తే గుర్తుపడతాను" అన్నాడు. "ఎక్కడున్నా గుర్తుపడతాను."

చీకటి పడింది. ఎదుటి కిటికీలో ఆకాశం నల్లబడింది, బనీను మాయమైంది. ఏడింటికి కొంచెం అటూ ఇటూగా గాజు వెనకాల లైటు వెలిగింది.

అద్దం లేదు. గది ఉంది. ఇంత స్పష్టంగా ఉంటుందని పుణ్యవతి కూడా అనుకోలేదు. బల్ల మీది దేవుడి పటం, నేల మీద సంచి, దాని పక్కన రత్నమ్మ. చెప్పినట్టే లైటు వేసి కిటికీకేసి చూసింది. తన మొహమే కనబడి ఉంటుంది, జారిన ముంగురులు వెనక్కి తోసుకుంది.

అంతలో తలుపు వైపు తిరిగింది. ఒక కుర్రాడు లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, భుజానికి ఆఫీసు బ్యాగు. రత్నమ్మ మొహం విప్పారింది. అతను ఆమె చేతిలో చీర అందుకుని తనే సంచిలో పెట్టాడు. దుప్పటి పెట్టాడు. జిప్పు పడలేదు. మోకాలు పెట్టి నొక్కాడు.

ఈశ్వరయ్య చేతిలో రోకలి ఆగిపోయింది.

కుర్రాడు లేచి కిటికీ దగ్గరకి వచ్చాడు. వెనక జేబులోంచి దువ్వెన తీశాడు. పాపిడి తీసి పక్కకి దువ్వుకుంటూ, తనని తాను చూసుకుని చిన్నగా నవ్వాడు. ఈ ఫిల్ము తెచ్చి అతికించినవాడికి కూడా దాని గుణం సగమే తెలుసు.

"వీడే" అన్నాడు ఈశ్వరయ్య. "అమ్మా, వీడే."

ప్రవీణ్.

"మీకు ఫోనుందా? ఇన్‌స్పెక్టర్ కింద బుల్లిబాబు ఇంట్లోనే ఉన్నాడు."

"లోపల. బుల్లిబాబు నెంబరు గోడ మీద రాసుంది."

పుణ్యవతి లోపలికి పరుగెత్తి తిప్పింది. ఎంగేజ్. మళ్ళీ తిప్పింది. ఎంగేజ్. బాల్కనీలోంచి ఈశ్వరయ్య కేక పెట్టాడు. "అమ్మా! ఆవిడ ఏదో తెస్తోంది!"

వచ్చి చూసింది. రత్నమ్మ స్నానాల గదిలోంచి వస్తోంది. చేతిలో ఆ పాత తువ్వాలు, దాంట్లో చుట్టిన బట్టలు. ప్రవీణ్ పరాయివాడు కాడు. అన్నం తెచ్చిపెట్టిన పిల్లోడు. సిగ్గుపడుతూనే తువ్వాలు కొంచెం విప్పి చూపించి, మళ్ళీ మూసి, కళ్ళు తుడుచుకుంటూ చెబుతోంది. ఏం చెబుతోందో ఇక్కడికి వినపడక్కర్లేదు. చూడు నాయనా, నా బిడ్డ నన్ను వదిలి పోలేదు. ఎవడో సర్దినాడు. ఆమెకి అది సంతోషం.

దువ్వెన ప్రవీణ్ జుట్టులోనే ఆగిపోయింది. నెమ్మదిగా జేబులో పెట్టుకున్నాడు. ఏదో అడిగాడు. రత్నమ్మ ఎదురు బిల్డింగు వైపు చెయ్యి చూపించింది. అతను కిటికీలోకి చూశాడు. అద్దంలో అతనే ఉన్నాడు. వెనక్కి తిరిగి తలుపు దగ్గరకి వెళ్ళి గడియ వేశాడు.

"రత్నమ్మగారూ!" పుణ్యవతి గొంతు చించుకుని అరిచింది. పక్క ప్లాటులో మిషను తిరుగుతోంది. "రత్నమ్మగారూ!" చేతులు ఊపింది. ఆ గదిలో ఉన్నవాళ్ళకి ఈ వైపు అసలు లోకమే లేదు.

ప్రవీణ్ నవ్వుతూ తువ్వాలు ఇమ్మని చెయ్యి చాపాడు. రత్నమ్మ ఇవ్వలేదు. ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగుతో ఆమెకి అర్థమైంది. అది ఇక్కడికి కూడా తెలిసింది.

ఈశ్వరయ్య కుర్చీలోంచి లేచాడు. ఆయన చేతిలో తమలపాకు రోకలి ఉంది, జానెడు ఇత్తడి కడ్డీ. జనవరి నుంచీ తను మాట్లాడిన కిటికీ కేసి ఒకసారి చూశాడు. తర్వాత చెయ్యి వెనక్కి లాగి, ఎముకలు విరిగేలా విసిరాడు.

రోకలి చువ్వల మధ్య నుంచి దూరి గాజుకి తగిలింది. ఫిల్ము ఉండబట్టి ముక్కలు రాలలేదు. అద్దమంతా సాలెగూడులా బీటలు వారింది. మధ్యలో పిడికెడు కన్నం పడింది. లోపల ఇద్దరూ అటు తిరిగారు. రత్నమ్మ పరుగున వచ్చి ఆ కన్నానికి మొహం ఆనించింది. ఇన్ని నెలల్లో, ఆ గదిలోంచి ఒక మనిషి మొదటిసారి చీకట్లో ఈ బాల్కనీని చూసింది.

"వీడే!" అని అరిచాడు ఈశ్వరయ్య. "తల్లీ, సంచి సర్దింది వీడే! కింద పోలీసులున్నారు, గట్టిగా అరువు!"

రత్నమ్మ అరిచింది. కన్నంలోంచి బయటికి వచ్చిన ఆ అరుపుకి శ్లాబు పనివాళ్ళు మిషను ఆపేశారు. కింద బుల్లిబాబు గుమ్మంలోకి చాయ్ గ్లాసుతో వచ్చిన మల్లయ్య తలెత్తి చూశాడు. పగిలిన గాజు చూశాడు, దానికి ఆనిన మొహం చూశాడు. గ్లాసు పడేసి మెట్ల వైపు పరుగెత్తాడు.

పుణ్యవతి సందు చుట్టూ తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. పారిపోదామని గడియ తీసిన ప్రవీణ్ నేరుగా ఇన్‌స్పెక్టర్ చేతుల్లో పడ్డాడు. మెట్ల మలుపులో గోడకి అదిమిపెట్టి ఉన్నాడు. మల్లయ్య అరచేతిలో ఒక తాళంచెవి ఉంది. దానికి ఎర్ర పూసల గుత్తి.

"అది ఆ అమ్మాయికి నేనిచ్చిన తాళంచెవేనండి" అన్నాడు బుల్లిబాబు. "రాత్రయితే నేను టీవీ ముందుంటానండి. శుక్రవారం కూడా టీవీ ముందే ఉన్నానండి."

మల్లయ్య పుణ్యవతిని చూశాడు. ఎకసెక్కం లేదు.

"గురువారం గేటు కాడ దింపిన అన్నడు నాతోని" అన్నాడు మెల్లగా. "ఇప్పుడు వేరే చెప్తుండు. ఆఫీస్ కాంచి ఎక్కించుకొని మణికొండ దిక్కు గుట్టలకి తీస్కపోయిండట. పెండ్లి మాట అడిగిండట. కాదన్నదట." ఆగాడు. "ఆడనే పానం తీసిండట. జీప్ పంపిన. తల్లికి నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

"నేను చెబుతాను సార్."

రత్నమ్మ హాల్లో సంచి పక్కన కూర్చుని ఉంది. తువ్వాలు ఒళ్ళో ఉంది. కిటికీ కన్నంలోంచి గాలి వస్తోంది. ఎదుటి బాల్కనీలో లైటు వేసుకుని ఈశ్వరయ్య నిలబడి ఉన్నాడు. కుర్చీ లోపలికి తీసేశాడు.

"పాప సర్దుకోలేదు కదమ్మా?" అంది రత్నమ్మ.

"సర్దుకోలేదు."

"నన్ను వదిలి పోలేదు."

"పోలేదు."

రత్నమ్మ తల ఊపింది. సంచి జిప్పు తీసి, పైనున్న చీర ఒకటి బయటికి తీసింది. తర్వాత ఇంకొకటి తీసింది. పుణ్యవతి ఆమె ముందు కింద కూర్చుని, ఆ చేతులు రెండూ పట్టుకుంది.

దివ్య ఆగస్టు అయిదు, గురువారం పొద్దున టిఫిను డబ్బా పట్టుకుని ఆ మెట్లు దిగింది. మళ్ళీ ఎక్కలేదు.